గార్దెల్ గారి రెండో అంకం

ఫిర్మాన్ గార్దెల్‌కి మతిమరుపు. అలాంటిలాంటిది కాదు, వేళ తప్పని మతిమరుపు!

లియోన్ నగరంలోని ఒక చిన్న నాటకశాలలో ఆయన వెయ్యని వేషం లేదు. బిషప్పు, జేబుదొంగ, పిసినారి మామ, ఆఖరికి వంటలక్క కూడా. ఏ వేషం కట్టినా జనం ఆయన్ని గుర్తుపట్టలేకపోయేవాళ్ళు. రెండో అంకంలో మాత్రం అందరూ పట్టేసేవాళ్ళు. ఉన్నట్టుండి మాట మరిచిపోయి, వేదిక అంచున, మరిచిన మాటలు అందించే ప్రాంప్టరు గూటివైపు తప్పిపోయిన మేకపిల్లలా చూసేవాడు మరి!

ఆ గూట్లో నడుందాకా నేలలోకి దిగి కూర్చునేది లెయోని ముసలమ్మ. చదివింది కొద్దిగానే. ఆ కొద్ది చదువుతోనే నాటకాలన్నీ నమిలేసింది.

"అది బుర్రా, చీజుముక్కా? నిండా చిల్లులే!" తెర పడగానే తగులుకునేది.

"పొద్దుటిదాకా గుర్తుంది లెయోనీ. క్షవరంలో పోయినట్టుంది."

"అయితే గొరిగించుకోకు. గడ్డంతోనే వంటలక్కవి అవుదువుగాని!"

ఒకసారి న్యాయమూర్తి వేషంలో "ముద్దాయీ, నీకు..." అని ఆగిపోయాడు. లెయోని "ఉరి, ఉరి!" అని గుసగుసలాడింది. ముందు వరసలోని మాంసం కొట్టాయన లేచి, "గుర్తు రాకపోతే వదిలెయ్యండి సారూ!" అని అరిచాడు. హాలంతా చప్పట్లే చప్పట్లు.

ఇంతలో వాల్బెర్ అని కొత్త దర్శకుడొచ్చాడు. "ఈ గూడు పాతకాలంది మదాం. ఇక్కడ దీపాలు పెట్టిస్తా. కొత్త నాటకం తొలి ఆటలో ఎవరికీ మీ సాయం అక్కర్లేకపోతే మర్నాడే మూత," అన్నాడు.

ఆ గూడు తప్ప ఆవిడకి వేరే బతుకు లేదు. అయినా అడుక్కోవడమా! "మూసుకోండి. నా మోకాళ్ళు పండగ చేసుకుంటాయి," అంది.

తొలి ఆట రానే వచ్చింది. హాలు కిక్కిరిసింది. గార్దెల్ ఓడ కెప్టెను. మొదటి అంకంలో ఎవరూ తడబడలేదు. లెయోని ఊరికే పేజీలు తిప్పుతూ కూర్చుంది. రెండో అంకంలో నాయిక బ్లాందీన్ బిక్కచచ్చిపోయి ఆగిపోయింది! మాట అందిద్దామని లెయోని నోరు తెరిచిందో లేదో, నటుల మొహాల మీంచి రాలిన పౌడరు ధూళికి దగ్గు ముంచుకొచ్చింది. గొంతు పెగలదు!

అప్పుడు గార్దెల్ మీసం కదలకుండా బ్లాందీన్ మాట మొత్తం పొల్లుపోకుండా ఆమె చెవిలో వేశాడు. నాటకం సాగిపోయింది. తెర పక్కనున్న వాల్బెర్‌కి అయిపూ అజా లేదు.

లెయోని నోరు తెరుచుకుండిపోయింది. ఓరి దొంగ సచ్చినోడా, ఆడవాళ్ళ మాటలు కూడా కంఠతా వచ్చా నీకు!

మరుక్షణం తన వంతు రాగానే, గార్దెల్ నోరు తెరిచి గూటివైపు చూశాడు. అచ్చంగా మేకపిల్ల!

దగ్గు తగ్గింది. అయినా ఆవిడ వెంటనే అందించలేదు. తీరిగ్గా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. గార్దెల్‌కి నిజంగానే చెమటలు పట్టాయి. అప్పుడు పలికింది, హాలంతా వినబడేలా!

"ఈ మనిషి ఉన్నంతకాలం ఆ గూడు ఉండాల్సిందే!" అని వాల్బెర్ తల పట్టుకున్నాడు.

ఆట అయ్యాక లెయోని ఆయన అద్దం ముందు ఒక చీజుముక్క పెట్టింది. "చిల్లుల్లేని రకం. తిను. రేపు ఎక్కడ మరిచిపోతావో ముందే చెప్పి చావు, అప్పటికి దగ్గు మందు తాగి ఉంటాను."

గార్దెల్ నమిలి, నమిలి, అమాయకంగా చూశాడు.

"అదే గుర్తు రావట్లేదు లెయోనీ!"