స్ప్రింగు కొలత, వంజరం పులుసు

ఇప్పటి కుర్రాళ్ళకు ఏ అనుమానం వచ్చినా జేబులోంచి ఫోను తీస్తే తీరిపోతుంది. మా రోజుల్లో అనుమానం వచ్చిందంటే దాన్ని మోసుకుని తిరగడమే. తొంభైల చివర్లో నేను ఒక అనుమానాన్ని మూడు నెలలు మోశాను. దాని బరువు ఎంతంటే, రెండు చేపల పెట్టెలు, వాటి నిండా ఐసు.

అప్పటికి డిప్లొమా పూర్తిచేసి, విశాఖ రేవుకు దగ్గర్లో ఒక కార్ల షెడ్డులో పనికి కుదిరాను. మా నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు కావడంతో మేస్త్రి నన్నెప్పుడూ పేరుతో పిలవలేదు. "ఒరే గోదారీ" అనేవాడు. ఆరు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటానన్నాడు. (మొదటి అయిదు నెలల్లో నేను చేసిన ఘనకార్యం ఒకాయన స్కూటరు తాళం మురిక్కాలవలో పడేయడం.) సరిగ్గా అప్పుడే మా షెడ్డుకు వంజరం బాబాయ్ వచ్చాడు. తరతరాలుగా సముద్రం మీద వేట చేసే కుటుంబం. ఆయన ద్వారకా నగర్ హోటళ్ళకు చేపలు వేసేవాడు, అదీ తన సొంత కారు డిక్కీలో. ఆ ఐసు పెట్టెల బరువుకు కారు వెనకభాగం గేదె కూర్చున్నట్టు కూర్చునేది. స్పీడ్ బ్రేకరు వచ్చిందంటే కింద గీసుకుపోయేది, రోడ్డు మీద జనం నవ్వేవాళ్ళు.

ఓడలో పనిచేసే ఆయన బావ దీనికొక విరుగుడు కనిపెట్టాడు. వెనక స్ప్రింగుల లోపల గట్టి రబ్బరు సంచులు దూర్చి, సైకిలు ట్యూబుకు కొట్టినట్టు గాలి కొడితే బండి పైకి లేస్తుందట. అవి సింగపూర్‌లో దొరుకుతాయట. "బావ ఈ రాత్రికే ఎల్లిపోతాడు. మళ్ళీ మూడు నెల్లకి గానీ రాడు. మజ్జాన్నానికి కొలతలిచ్చేత్తే అక్కడే కొనీసి తెచ్చేత్తాడు" అన్నాడు బాబాయ్. మేస్త్రి నా వైపు చూశాడు. "సదువుకున్నోడివి నువ్వున్నావు గదరా గోదారీ. నువ్వే కొలిసీ. తేడా వచ్చిందంటే మరి రేపట్నించి రాకు."

బావగారు ఇచ్చిన కాగితంలో స్పష్టంగా ఉంది. బండి జాకీ మీద కాదు, తన చక్రాల మీదే నిలబడాలి. లోపల ఏ బరువూ ఉండకూడదు. అప్పుడు స్ప్రింగు లోపలి వెడల్పు, ఎత్తు కొలవాలి. నా భయం నాకు తెలుసు కనుక చేపల పెట్టెలు దింపించాను, సీటు కింద గొడుగు తీశాను, చివరికి అద్దానికి వేలాడుతున్న నిమ్మకాయల దండ కూడా విప్పాను. "అదేటి బావూ, నిమ్మకాయ బరువా!" అని బాబాయ్ నవ్వాడు. షెడ్డులోకెళ్ళి, మిల్లీమీటరులో పదోవంతు కూడా చూపించే మా నాన్న సొంత వెర్నియర్ తెచ్చుకుని, దేవుడికి దండం పెట్టి, బండి కిందకు దూరాను. ఒక్కో కొలత నాలుగుసార్లు తీశాను. మిల్లీమీటరు తేడా లేదు. బాబాయ్ పొంగిపోయి, బావకిచ్చే కొలతల కాగితం జేబులో పెట్టుకుని, డిక్కీ తెరిచి, పెట్టెలోంచి ఒక వంజరం చేప తీసి నా చేతిలో పెట్టాడు.

అమ్మ ఆ మధ్యాహ్నమే పులుసు పెట్టింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు తట్టింది. నేను కింద పెట్టించిన పెట్టె డిక్కీలోకి ఎలా వచ్చింది? నేను వెర్నియర్ కోసం లోపలికి వెళ్ళినప్పుడు... చెయ్యి కడుక్కుని సైకిలు మీద రేవు దాకా తొక్కాను. గేటు దగ్గరి మనిషి తాపీగా, "ఆ షిప్పా? పొద్దుండగానే బయల్దేరమని కబురొచ్చిందట. ఇప్పుడే డాల్ఫిన్ నోస్ కొండ దాటీసింది" అన్నాడు.

మర్నాడు చెప్పేద్దామని బాబాయ్ ఇంటికి వెళ్ళాను. నోరు తెరిచేలోపు ఆయన ఇరుగుపొరుగుని పిలిచి, "ఈడే మా ఇంజనీరు. నిమ్మకాయ బరువు కూడా లెక్కేసేడు!" అని టీ ఇప్పించాడు. ఆ టీ తాగాక ఇంకేం చెప్తాను? కడుపులో పెట్టుకుని తిరిగొచ్చాను. అప్పట్నుంచి నాకెంతో ఇష్టమైన చేపల పులుసు వాసనొస్తే చాలు, కంచం ముందు నుంచి లేచిపోయేవాణ్ణి. ఏదో మొక్కు మొక్కుకున్నానని అమ్మ అనుకుంది. కాదు, ఏదో పిల్లను ప్రేమించి ఉంటానని నాన్న అనుకున్నాడు. మేస్త్రి ఆరు నెలలు నిండాయని జీతం ఖాయం చేస్తే, ఆ సంతోషం కూడా ఒంటబట్టలేదు.

ఓడ వచ్చింది. బాబాయ్ అట్టపెట్టె చంకలో పెట్టుకుని మా షెడ్డు ముందు కారులోంచి పెళ్ళికొడుకులా దిగాడు. ఇక ఆగలేకపోయాను. మేస్త్రి ముందే, "బాబాయ్, నేను తప్పు కొలిచాను. ఆ రోజు డిక్కీలో మీ పెట్టెలున్నాయి" అనేశాను. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బాబాయ్ నన్ను వింతగా చూశాడు. "ఉండవేటి మరి? నానే ఎట్టేను. కింద ఎడితే కాకులు పొడిసెత్తన్నాయి. అయినా బావూ, నా బండి పెట్టెల్లేకుండా ఏనాడు తిరిగిందేటి?"

మేస్త్రి అట్టపెట్టెలోంచి సంచి తీసి స్ప్రింగులో దూర్చాడు. ఖాళీ బండిలో స్ప్రింగు సాగి ఉంటుంది కనుక సంచి ఎత్తు రెండు వేళ్ళ మందం తక్కువైంది. మూలనున్న పాత టైరులోంచి గుండ్రంగా రెండు బిళ్ళలు కోసి, రెండు స్ప్రింగుల్లోనూ సంచుల అడుగున పెట్టి, గాలి కొట్టాడు. బండి లేచి నిలబడింది. మొత్తం పావుగంట పని. "దీనికేనేట్రా మూణ్ణెల్ల బట్టి మొకం అలగెట్టుకుని తిరుగుతన్నావు?" అన్నాడు.

ఇప్పుడు నాకూ ఒక షెడ్డుంది. కొలత తప్పితే నేనూ "ఏం కాదులే, బిళ్ళ పెట్టేద్దాం" అనేస్తాను. ఇంటికెళ్ళి పులుసుతో తృప్తిగా తిని పడుకుంటాను, నిద్ర కూడా బాగానే పడుతుంది. ఎప్పుడైనా ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, ఆ వెంటనే కొంచెం సిగ్గూ వేస్తుంది. తప్పు చేశానని మూడు నెలలు ఇష్టమైన కూర ముట్టని అలాంటివాడు ఈ రోజు నా షెడ్డుకు పని అడగడానికి వస్తే, ఆరు నెలలు చూడను. ఆ పూటే పెట్టేసుకుంటాను.