కొమ్ము గిన్నె అడుగు

కరోనా సద్దుమణిగిన ఏడాది నేను తిరుపతిలో అటవీ రేంజి అధికారిని. మా పనిలో ముప్పాతిక వంతు ఎర్రచందనం దుంగలే. అందుకే చిత్తూరులో మురళి అనే ఇత్తడి సామాన్ల వ్యాపారి ఖడ్గమృగం కొమ్ము గిన్నె ఫోటోను ఫోన్‌లో పదిమందికీ పెట్టాడని కబురొస్తే, నాకు కుతూహలం పుట్టింది.

అలాంటి గిన్నెలను వందల ఏళ్ల కిందట చైనాలో పెద్దింటివాళ్లు మద్యం తాగడానికి చెక్కించుకునేవారు. విషం పడితే నురగ వస్తుందని నమ్మకం. తర్వాత పడమటి దేశాల ధనవంతులు పోటీపడి సేకరించారు. అడుగున చెక్కినవాడి ముద్ర ఉంటే గిరాకీ మరీ ఎక్కువ. మన చట్టం ప్రకారం మాత్రం, యాజమాన్య పత్రం లేకుండా ఇంట్లో ఉంచుకోవడమే నేరం. అరెస్టు తప్పదు.

మేం ఇంటికి వెళ్తే, తాత రంగూన్ నుంచి తెచ్చాడనీ, అదేమిటో తెలుసుకోవాలనే ఫోటో పెట్టాననీ మురళి చెప్పాడు. అతని తల్లి రాజమ్మ భయంభయంగా గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. నూనె పట్టి నల్లగా ఉంది గిన్నె. చుట్టూ తామరాకులు, ఒక ఆకు మీద పీత. చూడముచ్చటగా ఉంది. ఎనుము కొమ్ములా ఉందమ్మా, గేదె కొమ్ముకు కేసుండదు, భయపడొద్దు అనేశాను. ఆమె మొహం విప్పారింది. కాఫీ తెచ్చిస్తే తాగాను.

గ్లాసు కింద పెట్టాక, ముద్ర ఉందేమోనని గిన్నెను బోర్లించాను. ముద్ర లేదు. అడుగు నున్నగా అరిగిపోయి ఉంది. ఎందుకని అడిగాను.

"మా అత్త కాలం నుంచీ సాన మీద అరగదీసి ఆ గంధం బిడ్డలకి నాకిస్తా ఉండాము సారూ. జరం దిగిపోతాది. మురళికీ అట్లే నాకిచ్చినా."

భూతద్దం తీశాను. ఎనుము కొమ్ములో పొరలుంటాయి. ఖడ్గమృగం కొమ్ము వెంట్రుకల్లాంటి పోగులు గట్టిపడి తయారైనది. అడ్డంగా అరగదీస్తే చీపురు మొదలులా చుక్కలు కనబడతాయి. అడుగంతా చుక్కలే.

మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

"నువ్వే గదా సారూ, ఏం ల్యాదంటివి" అంది రాజమ్మ.

మురళిని ఆ సాయంత్రమే రిమాండుకు పంపాం. సాక్షుల ముందు రాసే పంచనామాలో గిన్నెతో పాటు సానరాయినీ చేర్చి, రాజమ్మ చెప్పింది చెప్పినట్టే రాశాను. దాని ఆధారంగానే, అమ్ముకోదలచినవాళ్లు ముద్ర ఉండే అడుగును అలా అరగదీయరని మురళి వకీలు వాదించాడు. బెయిలు దొరికింది. హైదరాబాద్ ప్రయోగశాల ఖడ్గమృగమేనని తేల్చింది. కేసు నడిచింది.

వస్తువును బోర్లించి చూసేదాకా అధికారి నోరు విప్పకూడదు. నేను విప్పాను, పైగా ఆ ఇంటి కాఫీ తాగాను.