గూడబాతు మింగిన చేప

నా ఫిడేలు విని ఒక గూడబాతు, మింగేసిన చేపను ప్రాణాలతో కక్కేసింది. తాడేపల్లిగూడెంలో, డేరా నిండా జనం చూస్తుండగా. నమ్మకపోతే మీ ఇష్టం.

సరే, కొంచెం తగ్గిస్తాను. పక్షి బొమ్మది. డేరా కూడా సగం ఖాళీ.

పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. ఏలూరు మిషను స్కూల్లో డ్రాయింగు మాస్టారు ఒకాయన, సెలవు దొరికితే చాలు, పడవెక్కి కొల్లేట్లోకి పోయి గూడబాతుల్ని చూసేవారు. రెక్క ఎత్తడం, దించడం కాగితం తర్వాత కాగితం వందలకొద్దీ గీశారు. మద్రాసు స్టూడియోలో ఉన్న స్నేహితుడి చేత ఒక్కొక్క బొమ్మా ఫోటో తీయించి చిన్న రీలు చేయించారు. పక్షి ఎగురుతూ వస్తుంది, చేపను మింగుతుంది, ఎగిరిపోతుంది. అంతే. మూకీ కాబట్టి తెర పక్కన కూర్చుని వాయించే పని నాదీ, మృదంగం వాయించే నా స్నేహితుడిదీ.

బొమ్మలు గీసేటప్పుడే మాస్టారు మా అరుగు మీదకి వచ్చేవారు. నేను తొడ మీద ఆదితాళం వేస్తుంటే దెబ్బకో రెక్క చొప్పున గుర్తు పెట్టుకునేవారు. తర్వాత కాగితాల దొంతర బొటనవేలితో జారవిడిస్తుంటే, అది చూస్తూ మేం వాయించేవాళ్లం.

"నిన్న ఇలా వాయించలేదండీ మీరు" అన్నారొకరోజు మాస్టారు.

"నిన్న నిన్నేనండి. ఇవాళ మోహన రాగం ఇంకో దారిన వెళ్లింది."

"నా పక్షికి ఒకటే దారండీ. గీసేశాను."

తాడేపల్లిగూడెంలో టూరింగు సినిమా యజమాని, అసలు ఆటకి ముందు ఒక్కసారి వేసి చూస్తానన్నాడు. "జనం ఈలలేస్తే రీలు డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోవాలండి. చూస్తే మటుకు డేరా ఉన్నన్నాళ్లూ వేస్తాను." ఆ పూట మాస్టారికి అన్నం సయించలేదు.

దీపాలార్పారు. పక్షి వచ్చింది. రెక్కా తాళం కలిసి నడిచాయి. చేపను మింగింది.

"భలే! మళ్లీ!" అని నేలమీంచి కేకలు.

వాయించేవాడికి భలే అంటే ఏమవుతుందో మీకు తెలియనిదా? ముగింపు మానేసి పల్లవి మళ్లీ ఎత్తుకున్నాను. తెర మీద పక్షేమో ఎగిరిపోతోంది. మృదంగం వాడు కళ్లెర్రజేశాడు. ఎవడో ఈల వేశాడు. మాస్టారు ఒక్క గెంతున వెళ్లి, మెషీను చేత్తో తిప్పుతున్న ఆపరేటరు భుజం పట్టుకున్నారు.

"వెనక్కి తిప్పండి బాబూ, వెనక్కి!"

పక్షి తోక ముందు పెట్టుకుని వెనక్కి ఎగిరొచ్చి దిగింది. నోరు తెరిచింది. చేప బయటపడి నీళ్లలోకి దూకింది.

"బతికిందిరోయ్!" డేరా అంతా ఒకటే నవ్వు.

ఆటయ్యాక యజమాని వచ్చాడు. "రోజూ వేద్దామండి. కానీ చేప బయటికి రావాల్సిందే."

మాస్టారు ఒప్పుకున్నారు. తిరుగు రైలు భీమడోలు దాటాక మెల్లగా అన్నారు: "నా పక్షికి ఇక రోజూ పస్తేనండి."

ఏమైతేనేం, నా మోహన విని జనం భలే అన్నారు కాబట్టే రీలు నిలబడింది. ఇన్నేళ్లూ అందరికీ ఇదే చెబుతున్నాను. ఇంతవరకు రాసింది ఆ మృదంగం స్నేహితుడికి చదివి వినిపించాను. వక్క నములుతూ అంతా విన్నాడు.

"నేల మీద కూర్చున్నవాళ్లు కొల్లేటి చేపలోళ్లోయ్. భలే అన్నది పక్షిని, చేపను పట్టినందుకు. నీ ఫిడేలు ఎవడు విన్నాడు?"