స్పీకర్లు లేని గదిలో మాట

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను దగ్గరికి రానిచ్చిన మనిషిని కాను. పక్క మంచం మీద శవం ఉండగా డబ్బా విప్పి అన్నం తిన్న నర్సును. ఇప్పుడు కర్నూలులో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను.

మా కాలేజీవాళ్లు కంప్యూటర్ గేమ్ ఒకటి కొన్నారు. తెర మీద రోగి ఉంటాడు. ఏం చేయాలో విద్యార్థి మౌస్‌తో ఎంచుకోవాలి. ఆలస్యమైతే రోగి చనిపోతాడు. ఆ ల్యాబ్ బాధ్యత నా దగ్గర చదువుకున్న సునీల్‌కు ఇచ్చారు. ప్రారంభం రోజు అతనికి శాలువా కప్పారు. నన్ను కుర్చీలు వేయించమన్నారు. అది నేను మరిచిపోలేదు.

వార్షికోత్సవానికని ల్యాబ్ స్పీకర్లు పట్టుకుపోయి తిరిగి ఇవ్వలేదు. నేను రెండుసార్లు ఫిర్యాదు చేశాను. కాబట్టి ఆ గేమ్ మీద పరీక్ష పెట్టిన రోజు గదిలో స్పీకర్లు లేవని నాకంటే బాగా ఎవరికీ తెలియదు. రోగి మాటలు తెర మీద చదువుకోవడమే.

మధ్యాహ్నం రేణుక వంతు వచ్చింది. కోసిగి ఊరి నుంచి వచ్చిన అమ్మాయి. అమ్మానాన్నలు పనికి వలస పోయారు. ఇందులో తప్పితే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు, ఏడాది పోతుంది.

తెర మీద రోగికి గుండె ఆగింది. దిండు తీసి, వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నొక్కాలి. రేణుక మౌస్ కదిలించింది. అప్పుడు వినిపించింది, ముసలి గొంతు.

"దిండు మెల్లగా తియ్ తల్లీ. కింద మంత్రాలయం అక్షింతలుండాయి."

రేణుక చెయ్యి ఆగిపోయింది. మా వార్డుల్లో పని చేసిన ఎవరి చెయ్యైనా ఆగుతుంది. ఇక్కడ రోగి దిండు కింద అక్షింతల పొట్లం పెడతారు. దాన్ని ముందు తీసి బంధువుల చేతికిచ్చాకే దిండు ముడతాం. కింద పడితే పెద్ద గొడవ. గేమ్ చేసినవాళ్లకు ఇదంతా ఏం తెలుసు? ఆ పిల్ల పొట్లం కోసం తెరంతా వెతికేలోపు రోగి చనిపోయాడు.

సునీల్ మా వెనకే ఉన్నాడు. అతనికేమీ వినిపించలేదట.

"నిద్రపోతాండావా ఏమ్మా?" అన్నాడు.

"తాత సెప్పినాడు గద సార్," అంది రేణుక.

నేనూ విన్నానన్నాను. శాలువా కోపం మేడమ్‌కు ఇంకా తగ్గలేదని నవ్వాడు. ప్రిన్సిపాల్ కూడా నన్ను సెలవు పెట్టి విశ్రాంతి తీసుకోమన్నారు. మళ్లీ పరీక్ష పెట్టడానికి ఒప్పుకునేదాకా ఆయన గదిలోనే కూర్చున్నాను. చివరికి విసిగిపోయి రేణుకకు ఇంకో అవకాశం ఇచ్చారు, స్పీకర్లూ తెప్పించారు.

రెండోసారి రోగి గొంతు విన్నాం. పట్నం యువకుడి గొంతు, పుస్తకం చదివినట్టు ఉంది. దిండు మాటే లేదు. అతని గుండె ఆగిపోగానే రేణుక ఎడమ చెయ్యి దోసిలిలా తెర కింద పట్టి, కుడిచేత్తో దిండు తీసింది. రోగి బతికాడు. ఆమె గట్టెక్కింది.

బయటికి వచ్చాక కూడా ఆ ఎడమ గుప్పిలి విప్పలేదు. ఏముందని అడిగాను.

"ఏమీ లేదు మేడమ్. పారేయబుద్ధి కాలే."

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగి అడిగి అలసిపోయాను. ఆ రోజు నేను కూడా చెయ్యి చాపాను, ఆ పిల్ల నా అరచేతిలో గుప్పిలి విప్పింది. ఏమీ లేదు. అయినా స్టాఫ్ రూమ్ దాకా చెయ్యి మూసుకునే నడిచాను.