అమావాస్య నాడు ఆడిన మగ్గం

పాత పెట్టెలో నాయన సినిమా సీడీ ఒకటి దొరికింది. ఎవరూ పేరు వినని దెయ్యాల సినిమాలంటే ఆయనకు పిచ్చి. నగరిలో మా మరమగ్గాల పక్కనే టీవీ పెట్టి, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని చూసేవాడు. మగ్గాల మోతలో దెయ్యం అరుపు వినపడక నేను నవ్వేదాన్ని.

అమావాస్య నాడు మగ్గాలు ఆడించరు. అలాంటి ఒక రోజు, మోత లేని ఇంట్లో దెయ్యం గట్టిగా అరిచింది. అమావాస్యకే దానికి గొంతు వస్తుందనుకుని ఏడ్చాను. నాయన లేచి ఒక మగ్గం ఆన్ చేశాడు.

"అమావాస్యరా! టీవీ ఆపితే పోలా?" అని అవ్వ కేకలేసింది.

"బిడ్డకు బయం పోవల్ల, నాకు సినిమా పోకూడదు గదమా!"

ఆ మోతలో నేను నిద్రపోయాను.

ఇప్పుడు నా పాప నిద్రపోతే ఇంట్లో చప్పుడే ఉండదు. ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. మగ్గం ఆడించడానికి నాయన లేడు.