నిలబడి ఇచ్చిన కొలత

ఆసుపత్రి ఇస్త్రీ గదిలో అందరూ అక్కయ్య అని పిలిచే ఆవిడ పాదాలు ఏ చెప్పులకీ లొంగలేదు. ముందు వెడల్పు, మడమ దగ్గర సన్నం, బొటనవేలి పక్కన నిమ్మకాయంత ఎముక. పైగా ఎడమది కుడిదానికంటే కాస్త పొడుగు. అందుకని ఇరవై రెండేళ్లుగా మొగుడి రబ్బరు చెప్పులేసుకునే దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. గుట్టు బయటపడకుండా వాటి పట్టీలకు పూసలు కుట్టుకుంది. పూసలు మెచ్చుకున్నవాళ్లెవరూ సైజు చూడలేదు.

ఈమధ్య ఆ గదిలోనే పనిచేసే ఒకావిడ తడి నేల మీద జారిపడింది. మర్నాడే సూపర్‌వైజరు నోటీసు అంటించాడు. సోమవారం నుంచి మడమ వెనక పట్టీ లేని చెప్పులతో ఎవరొచ్చినా గుమ్మంలోంచే వెనక్కి పంపుతాడట.

శనివారం చెల్లెల్ని వెంటేసుకుని కొట్లు తిరిగింది. రెండో కొట్లో కుర్చీ కింద డబ్బాలు గుట్టపడ్డాక, ఆడవాళ్లవి ఇంతకంటే పెద్దవి రావనీ, అటు మగవాళ్ల వరసలో చూడమనీ అమ్మేవాడు చెప్పాడు. మంచిగానే చెప్పాడు, కాకపోతే కొట్టంతా వినపడేలా. అక్కయ్యకు తల కొట్టేసినట్టయింది. నవ్వు దాచుకుందామని చెల్లెలు అద్దం వైపు తిరిగితే, అది అద్దంలో ఇంకా బాగా కనిపించింది.

మూడో కొట్లో మెత్తటి కుర్చీలో కూర్చుని తొడిగితే ఒక జత హాయిగా పట్టేసింది. తల ప్రాణం తోకకొచ్చి ఉందేమో, లేచి నాలుగడుగులు వేసి చూసే ఓపిక కూడా లేక కొనేసింది. సోమవారం మధ్యాహ్నానికి పాదాలు పొంగి పట్టీలు కోసుకుపోయాయి. బల్ల చాటున బకిల్ విప్పుకుంటే సూపర్‌వైజరు చూడనే చూశాడు. రేపట్నుంచి ఇలా అయితే రానక్కర్లేదన్నాడు.

సాయంత్రం కుంటుకుంటూ మలుపులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికెళ్లి, పట్టీ కాస్త సాగదీయమంది. ఆయన చెప్పులు పక్కన పెట్టి, ఏం పని చేస్తావని అడిగాడు. చెప్పింది.

"మరి కొలత ఎలా చూసుకున్నావు?"

"కూర్చునే. కొట్లో కుర్చీ వేశారుగా."

"నిలబడే పనికి కూర్చుని కొలతేంటమ్మా?"

ఆయన నేల మీద అట్ట పరిచి, బరువంతా వేసి నిలబడమన్నాడు. ఒక్కో పాదం చుట్టూ పెన్సిల్ తిప్పాడు. ఆవిడ పక్కకు దిగి చూసుకుని సిగ్గుపడిపోయింది.

"రెండు పడవల్లా ఉన్నాయి కదూ?"

"పొద్దస్తమానం మోస్తున్నాయి. ఇంకెలా ఉంటాయి?"

కొత్త జతకు రెండు రోజులు పడుతుందన్నాడు. అందాకా పని ఆగకుండా, కొట్లో కొన్న జత పట్టీలకు తోలు ముక్కలు అతికి పొడుగు చేసిచ్చాడు.

గురువారం అక్కయ్య కొత్త చెప్పులతో పనిలోకొచ్చింది. కుడిది ఒక కొలత, ఎడమది ఇంకో కొలత. పట్టీ ఎముకకు తగలకుండా పక్కనుంచి పోయింది. ఎక్కడా కరవలేదు. అయినా మూడయ్యేసరికి మోకాళ్ల నుంచి కిందికి కాళ్లు పీకడం మొదలెట్టాయి. ఇన్నేళ్లూ చెప్పుల్ని తిట్టుకుంది. ఇవాళ తిట్టడానికి అవి దొరకలేదు.

సూపర్‌వైజరు వచ్చి మడమ పట్టీలు చూసి తలూపాడు. వెళ్లబోతుంటే ఆవిడ ఆపింది.

"సార్, నాకో స్టూలు కావాలి."

"ఇస్త్రీ కూర్చుని చేస్తారా ఎవరైనా?"

"చెయ్యరు సార్. రెండు దుప్పట్ల మధ్య కూర్చుంటారు."

చూద్దాంలే అన్నాడాయన. ఆయన చూసేదాకా ఉండే ఓపిక ఆవిడకు లేదు. ఖాళీ బట్టల బుట్ట బోర్లించి, ఆయన ఎదుటే కూర్చుంది.