రంగుల గుల్లల్లో ఎండ్రకాయలు

మార్కాపురంలో మా ఫ్యాన్సీ దుకాణానికి చెన్నై నుంచి వచ్చే సరుకుతో ఒకసారి జాలీ పెట్టె వచ్చింది. అందులో పన్నెండు ఎండ్రకాయలు, ఒక్కొక్కటీ ఎరుపో నీలమో పూసిన సముద్రపు గుల్లలో దూరి ఉంది. దీవుల నుంచి తెప్పించామని, నీళ్లు చల్లితే చాలని, పెంచుకోడానికి పిల్లలు ఎగబడి కొంటారని సరుకు పంపినాయన ఫోన్లో చెప్పాడు.

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండరు. మొదటిరోజు నా భార్య ఆ పెట్టె వైపు చూడనైనా లేదు. వారం తిరిగేసరికి పూజలో కొట్టిన కొబ్బరికాయ ముక్కలు వాటికి వేస్తోంది. అవి అమ్ముడుపోలేదు. ఎండలు ముదిరి నాలుగు చచ్చిపోయాయి. మిగిలినవాటిలో ఒకటి గుల్ల వదిలేసి, మెత్తటి ఒంటితో మూలన పడి ఉంది.

"ఏందండీ, ఇది ఇట్ల బయటికొచ్చేసినాది?" అంది నా భార్య.

దుకాణానికి ఎదురుగా, సముద్రం ఒడ్డున ఉన్న కొత్తపట్నం నుంచి వచ్చే ముసలామె ఒకామె ఎండుచేపలు అమ్మేది. వాసనకు గిరాకీ పోతుందని ఆమెను మా మెట్ల మీద కూర్చోనివ్వనిది నా భార్యే. ఆ రోజు తనే వెళ్లి పిలుచుకొచ్చింది.

"పెరిగేకొద్దీ దీనికి పెద్ద గుల్ల కావాలమ్మా. లేకపోతే ఎండిపోయి చస్తుంది" అంది ముసలామె. "నా చిన్నప్పుడు మా ఇసుకలో ఇవి కాళ్లకి అడ్డం పడేవి. గుల్లలన్నీ బొమ్మలకి ఏరుకుపోయారు, తర్వాత వీటినీ ఏరుకుపోయారు. ఇప్పుడు వెతికినా దొరకవు."

మా అలమరలో గుల్లలతో చేసిన నెమలి ఉండేది. నా భార్య కత్తితో దాని పొట్ట దగ్గరున్న పెద్ద గుల్లను ఊడబెరికింది. నేను దాన్ని పెట్టెలో ఎండ్రకాయ పక్కన పెట్టాను. ఎండ్రకాయ గుల్ల చుట్టూ తడుముకుని, వెనక్కి తిరిగి, లోపలికి జారుకుంది.

మర్నాడే మిగిలిన ఎనిమిదింటినీ తడిగుడ్డ కప్పిన బుట్టలో పెట్టుకుని, ముసలామెతో కలిసి ఒంగోలు మీదుగా కొత్తపట్నం వెళ్లాం. ఇసుకలో వదిలితే ఏడు మెల్లగా తుప్పల్లోకి నడిచాయి. ఒకటి కదల్లేదు. నా భార్య దాని పక్కనే కూర్చుంది. బస్సు టైమైందన్నా లేవలేదు.

"మీరు వెళ్లండమ్మా, నేను చూసుకుంటాను" అని ముసలామె పంపించింది.

ముసలామె మళ్లీ మార్కాపురం వచ్చిన రోజు నా భార్య మొట్టమొదట ఆ కదలని ఎండ్రకాయ సంగతే అడిగింది.

"పొద్దున చూస్తే లేదమ్మా. నడిచిపోయిందో, కాకి ఎత్తుకెళ్లిందో చెప్పలేను."

"నడిచే పోయింటాది లే పెద్దమ్మా" అంది నా భార్య.